తల్లులకు ఆజ్ఞలా?

లోకమునందలి జనసంఖ్య 2022 నవంబరు 15వ తేదీన 800 కోట్లకు చేరినదని ఐక్యరాజ్యసమితి ప్రకటించినది. 2023లో భారతదేశము చీనాను మించినది. నాటినుండి మన పఠనమందిరములయందు రెండు విలాపములు వినవచ్చుచున్నవి. జనము పెరిగిపోవుచున్నది, తిండి యెక్కడనని యొకరు. ఆంధ్రులు తరిగిపోవుచున్నారు, గతి యేమని వేరొకరు. ఉదయము మొదటిది పలికి సాయంకాలము రెండవది పలుకువారును కలరు! ఈ రెంటికిని మూలము ఒక్కటే యజ్ఞానము: జనమేల పెరుగునో, ఏల తరుగునో విచారింపకుండుట.

తల్లులు విరివిగా కనుటవలననే జనము పెరుగునని సామాన్యుల తలంపు. మన ముత్తవ్వలు ఎనమండుగురను, పదిమందిని కనలేదా? అయినను 1911 మొదలు 1921 వరకు దేశజనము పెరుగకపోగా కొంత తగ్గినది. ఇన్‌ఫ్లూయెంజా, ప్లేగు, కలరా కన్నబిడ్డలను కన్నట్లే కొనిపోయినవి. 1951లో 36 కోట్లయిన దేశజనము 2011 నాటికి 121 కోట్లయినది. ఆ నడుమ తల్లులు వెనుకటికంటె ఎక్కువ కనలేదు. మశూచి నశించినది, మలేరియా తగ్గినది, కరువునాట ధాన్యము కదలివచ్చినది. స్వాతంత్ర్యము వచ్చిననాడు 32 ఏండ్లకు దగ్గరగానున్న సగటు ఆయుర్దాయము నేడు 70 ఏండ్లకు చేరినది. చావులు ముందుగా తగ్గును. పుట్టుకలు ఒక తరము వెనుకగా తగ్గును. ఆ రెంటి నడుమనున్న యెడమే జనాభివృద్ధి. బిడ్డ బ్రతుకునను నమ్మకము తల్లికి కలిగిననాడు, ఆడపిల్ల బడికి పోయిననాడు, ఆ యెడము తనంతట మూసికొనును.

ఈ సత్యమును గ్రంథములయందు వెదకనక్కరలేదు. కృష్ణ సాగరమున కలియు హంసలదీవి చేరువ, పాలకాయతిప్ప యిసుకపై నిలిచి చూడుడు. 1833లో గుంటూరు సీమయందు నందన కరువు లక్షకు మించిన ప్రాణములను బలిగొన్నది. అప్పటికి కుంపిణీవారి కాబోవు ఉద్యోగులకు ఇంగ్లండునందు అర్థశాస్త్రము బోధించుచున్న పండితుడెవరు? జనము పెరిగిన కరువు తప్పదని 1798లో గ్రంథము వ్రాసిన మాల్థసు! విజయవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. నీరు పారినది, ఆకలిసీమ అన్నపూర్ణ యయినది, జనము పెరిగినది. పెరిగిన జనమునకు తిండి తగ్గలేదు, మిగిలినది. మాల్థసు వాదమునకు మన కాలువలే సమాధానము.

అయినను సముద్రము మనలను మరువలేదు. 1864లో బందరును ముంచిన ఉప్పెనలో 30,000 మంది వరకు గతించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. బిడ్డలను పోగొట్టుకొన్న యా సీమ తల్లులే తరువాత ఇద్దరితో చాలునని నిలిచిరి. వారికి ధైర్యమిచ్చినది ఆజ్ఞ కాదు. బ్రతుకుపై గలిగిన భరోసా.

2019-21 కుటుంబారోగ్య సర్వేననుసరించి ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటు సంతానము 1.7, బీహారునందు 3.0, తరము నిలుచుటకు వలసినది 2.1. ఈ తగ్గుదల భారమును మోసినదెవరు? అదే సర్వేలో మన రాష్ట్రమున వివాహిత స్త్రీలలో పదింట ఏడుగురు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. పురుషులు నూటికి ఒక్కరైనను లేరు! మీసములు మెలివేయువారికి ఇందు సిగ్గు కలుగదా?

1976-77లో దేశమున 80 లక్షలకు మించి శస్త్రచికిత్సలు జరిపినారు. వానిలో బలవంతముగ జరిపినవెన్నియో. 1994 చట్టము ఇద్దరికి మించి సంతానముగలవారిని పంచాయతీ పోటీకి అనర్హులను చేసినది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించినది. అందులకు సంతోషమే. కాని దానికి ముందునెలయందే, ఇద్దరికి మించి కన్నవారే పోటీ చేయునట్లు శాసనము తెత్తుమని ముఖ్యమంత్రి పలికిరి. నిన్న కనవద్దని గద్దించినవారే నేడు కనుడని గద్దించిన, తల్లి గర్భము ప్రభుత్వమువారి కాలువయా, లాకులెత్తుటకును దించుటకును?

పార్లమెంటు స్థానముల భయము నిజమే. 1971 లెక్కలపై నిలిపిన పంపకమును 2026 తరువాతి మొదటి జనగణన వరకు 2001 నాటి సవరణ పొడిగించినది. దేశము కోరినట్లు నడచినందులకు దక్షిణమునకు శిక్ష విధించుట అన్యాయము. కాని నేడు పుట్టిన శిశువు పదునెనిమిదేండ్లకుగాని ఓటరు కాదు. స్థానముల తగవు రాజ్యాంగమున తీరవలసినది, ఊయెలలో తీరదు. బీహారు తల్లి మనకు శత్రువు కాదు; ఆమెకు బడియు, ఆసుపత్రియు నిండుగ నందిననాడు ఆమెయు మన త్రోవనే నడచును.

ఆంధ్రమహాజనులారా! సంతతి నిలువవలెనని కోరుదురా? ప్రసవించిన కోడలి యుద్యోగమును నిలుపుడు. ఊరి ఆసుపత్రిలో వైద్యుని నిలుపుడు. ముసలివారికి పింఛను, యువకులకు పని ఉన్న ఊరిలోనే కల్పింపుడని పాలకులను నిలదీయుడు. ఎందరిని కనవలెనో యా తల్లి నిర్ణయించుకొనును. పుట్టిన ప్రతి బిడ్డను బ్రతికించుట మాత్రము మన వంతు.