చెడు కబురు పైకి చేరుతోందా?

2005 డిసెంబరు 11, ఆదివారం. లండన్‌కు ఉత్తరాన ఉన్న బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో 912వ నంబరు ట్యాంకులోకి పెట్రోలు ఎక్కుతోంది. తెల్లవారుజామున మూడింటికి మట్టం చూపించే గేజి ఆగిపోయింది. తెరమీద అంకె కదలడం లేదు. లోపల పెట్రోలు మాత్రం పెరుగుతూనే ఉంది. హద్దు దాటితే దానంతటదే సరఫరా ఆపేయాల్సిన స్విచ్ ఇంకొకటి ఉంది. అదీ పనిచేయలేదు. ఐదున్నర దాటాక పెట్రోలు ట్యాంకు పైనుంచి పొర్లి, ఆవిరై, పొగమంచులా పరుచుకుంది. ఆరింటికల్లా పేలుడు. ఇరవైకి పైగా ట్యాంకులు అంటుకున్నాయి. సెలవు రోజు, అందులోనూ తెల్లవారుజాము కావడంతో ప్రాణాలు పోలేదు. 43 మంది గాయపడ్డారు.

ఆ స్విచ్ ఎందుకు పనిచేయలేదో తేలినప్పుడు బయటపడింది ఒక తాళంకప్ప కథ. స్విచ్‌ను పరీక్షించాక దాని మీటను సరైన చోట నిలిపి ఉంచడానికి ఆ కప్ప వేసి తీరాలి. ఎవరూ చెయ్యిపెట్టకుండా వేసే మామూలు తాళమే కదా అనుకుని వేయకుండా వదిలేశారు. దాని అవసరం ఏమిటో అమ్మినవాళ్లు సరిగా చెప్పలేదు, బిగించినవాళ్లు అడగలేదు. ఇక గేజి మొరాయించడం అదే మొదటిసారి కాదు. ఆగస్టు చివరినుంచి ఆ రోజు దాకా 14 సార్లు ఆగింది. ఒక్కోసారి సూపర్‌వైజర్లే సర్దుకున్నారు, ఒక్కోసారి మెకానిక్ వచ్చి వెళ్లాడు. కొన్నిసార్లు లోపంగా రాసుకున్నారు, కొన్నిసార్లు అదీ లేదు. ఎందుకు ఆగుతోందో ఎవరూ తేల్చలేదు.

'భద్రతా సంస్కృతి' అనే మాట 1986 నాటి చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణుల ద్వారా వాడుకలోకి వచ్చింది. దీనికి నిర్వచనాలు చాలా ఉన్నాయి. ఇంధన నిల్వల విషయంలో మాత్రం దాన్ని ఒక్క ప్రశ్నతో కొలవవచ్చు: కింద షిఫ్టులో పనిచేసే మనిషి కంటపడిన చిన్న లోపం ఎంత పైదాకా వెళ్తోంది, వెళ్లాక ఏమవుతోంది?

జైపూర్ చూడండి. 2009 అక్టోబరు 29 సాయంత్రం సీతాపురాలోని ఇండియన్ ఆయిల్ టెర్మినల్ నుంచి పక్కనే ఉన్న మరో టెర్మినల్‌కు పైపులైనులో పెట్రోలు పంపడానికి సిద్ధమవుతున్నారు. హ్యామర్ బ్లైండ్ అనే వాల్వును తిప్పుతుండగా పెట్రోలు పైకి చిమ్మింది. స్థానం మార్చేటప్పుడు ఆ వాల్వు పైభాగం తెరుచుకునే ఉంటుంది. ట్యాంకు వైపు వాల్వు అదే సమయంలో మూసి లేదు. దగ్గరున్న ఆపరేటరు ఆవిరికి ఉక్కిరిబిక్కిరయ్యాడు, ఆదుకోబోయిన మనిషిదీ అదే గతి. కంట్రోల్ రూమ్ నుంచి ట్యాంకు వైపు వాల్వును మూసే వీలు లేదు. గంటకు పైగా పెట్రోలు అలా కారుతూనే ఉంది. ఆపైన పేలుడు: 11 మంది చనిపోయారు, మంటలు పదకొండు రోజులు మండాయి. ఎం.బి.లాల్ కమిటీ ఎత్తిచూపిన లోపాలేమిటి? ఆ చోటికి తగ్గట్టు రాసిపెట్టిన పనివిధానం లేదు, దూరం నుంచి లీకు ఆపే ఏర్పాటు లేదు, షిఫ్టులో ఉండాల్సిన ఒక మనిషి లేడు, ముప్పు ఎంతటిదన్న అవగాహన లేదు. ఇందులో ఆ సాయంత్రమే పుట్టుకొచ్చిన లోపం ఎన్ని? దూరం నుంచి మూయలేని వాల్వు సంగతి రోజూ దానితో పనిచేసేవాళ్లకు తెలియకుండా ఉంటుందా?

జైపూర్‌కు ఆరు రోజుల ముందే ప్యూర్టోరికోలో ఓడ నుంచి పెట్రోలు నింపుతుండగా ఒక ట్యాంకు పొంగి, డిపో పేలింది. అక్కడ గేజి అంకెలు కంప్యూటరుకు అందక, ఎప్పటికి నిండుతుందో చేతిలెక్క వేసుకున్నారు. బన్స్‌ఫీల్డ్ జరిగి అప్పటికి దాదాపు నాలుగేళ్లు.

మరి మనం భద్రతను దేనితో కొలుస్తున్నాం? గేటు దగ్గర 'ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు' అనే బోర్డుతో. జారిపడ్డవాళ్లను, వేలు నలిగినవాళ్లను ఆ బోర్డు లెక్కపెడుతుంది; ట్యాంకు పొంగబోతోందా అన్నది దానికి అందదు. అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో 2005 మార్చిలో 15 మంది చనిపోయాక విచారణ జరిపిన బేకర్ కమిటీ ఈ పొరపాటునే పట్టుకుంది. గాయాలు తగ్గాయి కాబట్టి ప్లాంటు భద్రంగా ఉందని యాజమాన్యం నమ్మిందని తేల్చింది.

ఆడిట్లదీ అదే పరిస్థితి. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ తనిఖీలు చేస్తుంది, పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) లైసెన్సులిస్తుంది. ఇవి అవసరమే. కానీ తారీఖు ముందే తెలిసిన తనిఖీకి పైపులకు కొత్త రంగు పడుతుంది, మాక్‌డ్రిల్‌లో ఎవరు ఎటు పరుగెత్తాలో ముందే నిర్ణయమై ఉంటుంది. నిజం తెలియాలంటే చూడాల్సినవి వేరు. లాగ్‌బుక్‌లో పేజీ తర్వాత పేజీ 'అంతా నార్మల్' అని ఉంటే అనుమానించాలి. ఆర్నెల్లలో త్రుటిలో తప్పిన ప్రమాదం ఒక్కటీ నమోదు కాలేదంటే, జరగలేదని కాదు, చెప్పలేదని అర్థం చేసుకోవాలి. ఆపేసి ఉంచిన అలారాలు ఎన్ని, ఎంతకాలంగా, ఎవరి సంతకంతో అని అడగాలి. అర్ధరాత్రి షిఫ్టులో ఒక కాంట్రాక్టు కార్మికుణ్ని పక్కకు పిలిచి, 'తేడాగా అనిపిస్తే పని ఆపేస్తావా? ఆపితే రేపు నిన్ను మళ్లీ పనిలోకి రానిస్తారా?' అని అడిగితే వచ్చే జవాబు ఏ ఆడిట్ నివేదికలోనూ దొరకదు.

కంచె బయటి గొంతూ అంతే ముఖ్యం. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై దాదాపు 60 మందిని బలిగొంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలినప్పుడు, వాసన వస్తోందని ఊరివాళ్లు ముందునుంచీ మొత్తుకుంటున్నారన్న మాట వినిపించింది. ట్యాంకుల పక్కన కాపురముండే మనిషి ముక్కు కూడా ఒక గేజే. ప్రమాదకర రసాయనాలపై 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం కంచె బయటి జనం కోసం జిల్లా యంత్రాంగం అత్యవసర ప్రణాళిక సిద్ధం చేయాలి. అది కలెక్టరేటు బీరువాలో ఉంటే చాలదు; సైరన్ మోగితే ఎటు నడవాలో వీధిలో ఇస్త్రీ బండివాడికీ తెలియాలి.

బాగుచేయడానికి ముందు కావాల్సినవి యంత్రాలే: గేజితో సంబంధం లేకుండా పనిచేసే రెండో అలారం, దూరం నుంచి మూతపడే వాల్వు. వాటికి డబ్బు కావాలి. మిగిలినదానికి కావాల్సింది ఓపిక. లోపం చెప్పిన మనిషికి వారంలోగా జవాబు రావాలి, సరిచేశామనో, ఫలానా కారణంతో ఆగామనో. పనివిధానాలు ఇంగ్లిషులో గోడకు వేలాడితే, తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడే కూలీకి అవి బొమ్మలే. ఏడాది చివర్లో మేనేజరు పనితీరును 'ప్రమాదాలు సున్నా' అన్న లెక్కతో కాక, పరిష్కరించిన ఫిర్యాదులతో తూచాలి. సున్నాకు బహుమతి ఇస్తే లోపాలు తగ్గవు, లోపాలు రాయడం తగ్గుతుంది.

ఈసారి తనిఖీకి వెళ్లే అధికారి కొత్త రంగు చూసి రాకుండా, ఒక పాత ఫిర్యాదు కాగితం చేతబట్టుకుని అది ఏ బల్ల దగ్గర ఆగిపోయిందో ఆరా తీస్తే చాలు. బన్స్‌ఫీల్డ్‌లో అలా ఆరా తీసే అవకాశం 14 సార్లు వచ్చింది.