మా పిల్లల్ని చూడకుండానే ఎం.ఇడి. పట్టా

ఉపాధ్యాయ మిత్రులకు, బి.ఇడి. పూర్తిచేసి ఎం.ఇడి.లో చేరాలనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు:

పోయిన నెల ఒక ఎం.ఇడి. డిసర్టేషన్ నా చేతికి వచ్చింది. ‘దీన్ని చూసి రాసుకోమన్నారు మామయ్యా’ అంటూ మా బంధువులబ్బాయి పట్టుకొచ్చిన కాపీ. గట్టి బైండు, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. తిరగేస్తుంటే మూడో అధ్యాయంలో మా బడి పేరు కనబడింది. మా తొమ్మిదో తరగతి నుంచి 60 మంది విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి వాళ్ల పఠనాసక్తిని కొలిచినట్లు రాశారు. బాలురకూ బాలికలకూ మధ్య ‘గణనీయమైన భేదం లేదు’ అని తేల్చారు.

ఆ బడిలో తెలుగు చెప్పేది నేను. ఆ డిసర్టేషన్ మీద వేసిన సంవత్సరంలో మా తొమ్మిదో తరగతిలో ఉన్నది 31 మంది. హాజరు పట్టీ ఇప్పటికీ బీరువాలో ఉంది. ప్రశ్నావళి పట్టుకుని మా గేటు దాటి లోపలికి ఒక్కరూ రాలేదు. లేని పిల్లల పేరిట జవాబులు పుట్టించారు. ఆ జవాబులకు సగటులు కట్టారు, టీ విలువలు కట్టారు, పట్టికలు గీశారు. గైడు సంతకం పెట్టాడు. వైవాలో పరీక్షాధికారి సంతకం పెట్టాడు. విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చింది.

ఆ ఏడాది నా క్లాసులో నిజంగా ఏం జరిగిందో చెబుతాను. 31 మందిలో తొమ్మిది మంది వాచకంలో ఒక పేరా తడబడకుండా చదవలేకపోయారు. ముత్యాల్లాంటి చేతిరాత ఉన్న ఒక కుర్రవాడు గైడులోని జవాబును అక్షరం పొల్లుపోకుండా దించేవాడు. తాను రాసిన దాన్నే చదవమంటే మూడో మాట దగ్గర ఆగిపోయేవాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడే అమ్మాయి పద్యం గడగడా అప్పజెప్పేది, అర్థం అడిగితే తల దించుకునేది. ఈ ఇద్దరి గురించి నాకు ఎవరైనా చెప్పాలి. ఎక్కడ ఆగిపోయారు, ఏ తరగతిలో వదిలేశాం, ఎలా పట్టుకోవాలి? వారానికి ఆరేడు పీరియడ్లలో సిలబస్ వెంట పరుగెత్తే నాకు తీరిక లేక ఎవరైనా వచ్చి కూర్చుని చూస్తారని ఎదురుచూశాను. ఎం.ఇడి. అనే చదువు ఉన్నది ఆ పని కోసమే. వచ్చి చూడాల్సిన ఆ మనిషి రాకుండానే మా బడి పేరు రాసుకుని పోయాడు.

ఇది ఎక్కడో ఒకచోట జరిగిందని ఎవరూ నాకు చెప్పొద్దు. నాన్ అటెండింగ్‌కి ఎంత, రికార్డులకు ఎంత, డిసర్టేషన్ రాసిపెట్టడానికి ఎంత అనే బేరం మీరూ విన్నారు, మనలో కొందరు కట్టారు కూడా. ఉద్యోగంలో ఉన్న టీచరు ఒకే రోజున బడి రిజిస్టర్లోనూ కాలేజీ రిజిస్టర్లోనూ హాజరై కనిపిస్తున్నాడు.

నిబంధనలు లేక కాదు. ఎన్.సి.టి.ఇ. 2014 నిబంధనలతో 2015 నుంచి ఎం.ఇడి. రెండేళ్లయింది. ఏడాదికి 200 పనిదినాలు ఉండాలి. తరగతులకు 80 శాతం, క్షేత్ర పనికి 90 శాతం హాజరు ఉండాలి. 50 సీట్లకు పది మంది అధ్యాపకులు ఉండాలి. ఇన్స్పెక్షన్ రోజున ఆ పది కుర్చీలూ నిండుతాయి. మర్నాడు చూడండి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిషన్ విడిగా నడిచే ఉపాధ్యాయ విద్యా సంస్థల్లో అత్యధికం డబ్బుకు డిగ్రీలు అమ్ముతున్నాయని 2012లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం ఆ మాటను తన పేజీల్లో మళ్లీ అచ్చువేసింది. దేశమంతా చదివింది. మన కాలేజీల గేటు ముందు ఏం మారింది?

మనకు దారి చూపినవాళ్లు లేరా? గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులు. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలనుకుని ముందు సవర భాష నేర్చుకున్నాడు. ఆ మనుషుల మధ్య కూర్చుని, మాట మాటా వినిరాసుకుని, ఆ తర్వాతే వాచకాలు తయారుచేశాడు. పాఠ్యప్రణాళిక అంటే అది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో ఒకే టీచరు ముందు నాలుగైదు తరగతుల పిల్లలు కలిసి కూర్చోవడం చూసి, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా, మెట్లుమెట్లుగా విడగొట్టారు. 1995లో కర్ణాటక దాన్ని చూసి హెచ్.డి.కోటెలో నలి కలి అనే పద్ధతి మొదలుపెట్టింది. తమిళనాడు చెన్నై బడుల్లోకి తీసుకెళ్లింది. మన గడ్డ మీద పుట్టిన పద్ధతిని పొరుగువాళ్లు నేర్చుకుపోతుంటే, మన ఎం.ఇడి. క్లాసులో మనం రాల్ఫ్ టైలర్ 1949లో అడిగిన నాలుగు ప్రశ్నలను బట్టీపట్టి పదహారు మార్కుల జవాబు రాస్తున్నాం. ఆ నాలుగు ప్రశ్నలతో మన ఏడో తరగతి వాచకాన్ని ఒక్కసారైనా నిలదీశామా?

అడగాల్సినవి కుప్పలుగా పడి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వచ్చాయి. పిల్లలు ఏ పేజీ చదువుతున్నారు? ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో పిల్లలకు మొదటి పుస్తకాలు తయారుచేశారు. ఆ పుస్తకాలతో చదువు మొదలుపెట్టిన పిల్లలు పదో తరగతిదాకా వచ్చారా, మధ్యలో ఆగారా? 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం పిల్లలు సొంతంగా రాయాలంది. గైడులోంచి దించిన ప్రాజెక్టులకు మార్కులు వేసింది మనమే కదా, అది ఎందుకు అలా అయింది? ఒక్కొక్కటీ రెండేళ్ల చదువుకు సరిపడే పని. వీటిని వదిలేసి ‘ఉపాధ్యాయుల వైఖరి, ఉద్యోగ సంతృప్తి’ అన్న శీర్షికనే జిల్లా పేరు మార్చి మార్చి కడుతున్నారు.

ఇంతవరకూ విన్నవించాను. ఇక విన్నపాలు లేవు. సీట్లు అమ్మే యాజమాన్యాలారా, మీరు అమ్ముతున్నది ఒక కాగితం అనుకుంటున్నారు. ఆ కాగితం కొన్నవాడు రేపు బి.ఇడి. కాలేజీలో పాఠం చెబుతాడు. అతని దగ్గర ఏమీ నేర్చుకోని పిల్లవాడు డీఎస్సీ రాస్తాడు. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు, తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు. ఒక్కో పోస్టు ముందు ముప్పై ఏళ్లపాటు ఏటేటా కొత్తగా వచ్చి కూర్చునే పిల్లలు ఉన్నారు. వాళ్లలో అత్యధికులు కూలి ఇళ్ల బిడ్డలు. మీరు దోచుకుంటున్నది వాళ్లను. వైవా బల్ల దగ్గర కవరు అందుకుని సంతకం పెట్టే పెద్దలారా, మీరు ఆ దోపిడీకి ముద్ర వేస్తున్నారు.

మన సంఘాలకూ ఒక మాట. డీఏ కోసం, పీఆర్సీ కోసం ధర్నా చేశాం, నేనూ కూర్చున్నాను, మళ్లీ కూర్చుంటాను. మన వృత్తి చదువును అంగట్లో పెడుతుంటే ఒక్కరోజు టెంటు ఎందుకు వేయలేదు?

పని చేసుకుంటూ చదివేవాళ్లు రోజూ ఎలా వస్తారని అడుగుతారు. అందుకే జీతంతో కూడిన సెలవు కావాలంటున్నాను. చదివినా ఉద్యోగం ఎక్కడంటారు. డైట్లలో డిప్యుటేషన్ మీద తెచ్చిన స్కూలు అసిస్టెంట్లతో పాఠాలు నడుపుతున్నారు, ఆ పోస్టులు ఎవరి కోసం? ఏడాది ఎం.ఇడి. మళ్లీ వస్తుందట కదా అంటారు. ఎన్.సి.టి.ఇ. 2025 ముసాయిదాలో ఉంది. ఏడాదైనా రెండేళ్లయినా క్లాసే జరగనప్పుడు ఆ లెక్కతో పనిలేదు.

ఇవి జరిగి తీరాలి. ఏ బడి పేరు డిసర్టేషన్లో ఉందో ఆ బడిలోనే, ఆ టీచర్ల ముందు, తల్లిదండ్రుల కమిటీ ముందు విద్యార్థి తన పని తెలుగులో వివరించాలి. వచ్చాడని, చూశాడని, చెప్పిన సంఖ్యలు బడి రిజిస్టర్లతో సరిపోయాయని హెడ్మాస్టరు రాసిచ్చాకే వైవా. ప్రతి డిసర్టేషనూ ఎవరైనా చదువుకునేలా విశ్వవిద్యాలయం బయట పెట్టాలి. ఈ ఒక్కటి జరిగితే అమ్మకం సగం ఆగుతుంది, ఎందుకంటే దొంగ లెక్కను మొదట పట్టేది ఆ ఊరి టీచరే. ఏటా కొందరు టీచర్లను ప్రతిభ చూసి ఎంచి, పూర్తి జీతంతో ప్రభుత్వ ఐ.ఎ.ఎస్.ఇ.లకు పంపాలి. తిరిగొచ్చినవాళ్లను వాచకాలు రాసేచోట, డైట్లలో కూర్చోబెట్టాలి.

ఎం.ఇడి. ఫారం నింపుతున్న తమ్ముడూ, చెల్లీ, ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి ఒక బుధవారం ఉదయం పదకొండింటికి చెప్పకుండా వెళ్లు. క్లాసులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. ఎవరూ లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని వెనక్కి రా.

మా హాజరు పట్టీ నకలు ఈ కాగితం మీద వేయలేదు, అందులో పిల్లల పేర్లు ఉంటాయి. మూడో అధ్యాయం నకలుతో పాటు విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు పంపాను. ఆ డిసర్టేషన్ రాసిన మనిషికి ఇది చేరితే, నీ మీద నాకు పగ లేదు, రా. తొమ్మిదో తరగతికి నాలుగో పీరియడ్ తెలుగు. వెనక బెంచీలో చోటుంది.