ఆకు మన కొండది, ప్యాకెట్టు ఎవరిది?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఏ వారపు సంతకు వెళ్లినా చింతపండు బుట్టలు, కొండచీపుర్ల పక్కన షుగర్ పొడి ప్యాకెట్లు కనిపిస్తున్నాయి. పైన పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద ‘మధుమేహానికి శాశ్వత పరిష్కారం’ అన్న మాట. ఈమధ్య కొత్తగా ‘యాంటీఆక్సిడెంట్లు పుష్కలం’ అని కూడా చేరుస్తున్నారు. లోపల ఉండేది పొడపత్రో, నేరేడు గింజో, నేలవేమో, తిప్పతీగో, లేక అన్నీ కలిపిన పొడో. కొనేవాళ్లలో ఎక్కువమంది రైతులు, కౌలుదార్లు, కూలీలే. వాళ్లలో కొందరు ప్యాకెట్టు కొన్న మర్నాటి నుంచే డాక్టరు రాసిన మాత్ర మానేస్తున్నారు. మా మండల సమావేశాల్లో ఈ మాట పదేపదే వినబడుతోంది కాబట్టే దీని గురించి రాస్తున్నాం.

రైతు పత్రికలో షుగర్ వ్యాధి గొడవేమిటని అడిగేవాళ్లు ఉంటారు. కొండ మీద ఆకు ఏరేది గిరిజన రైతు. ఆ ఆకు పొడిని పదింతలు పెట్టి కొనేది పల్లంలోని రైతు. మధ్యలో మిగుల్చుకునేవాడు ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. ధాన్యం విషయంలో చూస్తున్నదే ఇక్కడా జరుగుతోంది. ధాన్యంలో పోయేది డబ్బు. ఇందులో కాలు, కన్ను, కిడ్నీ కూడా పోతాయి.

షుగర్ పట్నం వాళ్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉందని, పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం పెద్దవాళ్లకు ఉందని అందులో తేలింది. మరో 13 కోట్లకు పైగా మంది ఆ అంచున నిలబడి ఉన్నారు. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది, ఒంటికి పని తగ్గింది. చోళ్లు, సామలు, గంట్లు పోయి మూడు పూటలా మర బియ్యం వచ్చాయి. ఇంతలా మారిన బతుకును ఒక చెంచా పొడితో సరిచేస్తామనడం వ్యాపారం.

ఇంతకీ ఈ యాంటీఆక్సిడెంట్ ఏమిటి? రక్తంలో చక్కెర ఎక్కువగా నిలిచిపోతే కణాల లోపల ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు మితిమీరి పుడతాయి. రక్తనాళాలు, కంటి తెర, కిడ్నీ, నరాలు పాడవడంలో వాటికి పాత్ర ఉంది. వాటిని అణిచే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు. ఉసిరి, నేరేడు, కరివేపాకు, కరక్కాయ, చోడి గింజ పైపొర, అన్నింటిలోనూ ఇవి ఉన్నాయి. ఇంతవరకు చెప్పింది నిజమే. దీని నుంచి ‘అయితే యాంటీఆక్సిడెంట్ మింగితే షుగర్ తగ్గుతుంది’ అనే మాటకు దూకడంలోనే మోసం ఉంది. 2000 సంవత్సరంలో హోప్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. గుండెజబ్బు ముప్పున్న 9,500 మందికి పైగా జనాన్ని, అందులో వేలమంది షుగర్ రోగులను, నాలుగైదేళ్లు గమనించారు. పేరుమోసిన యాంటీఆక్సిడెంట్ అయిన విటమిన్ ఇ తీసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకూ గుండెపోటు విషయంలో తేడా ఏమీ కనబడలేదు. అదే పరిశోధనలో మామూలు బీపీ మందు ఒకటి పనిచేసింది. గాజు గొట్టంలో గెలిచింది ఒంట్లో గెలవాలని లేదు. ఉసిరికాయ తినండి, నేరేడు పండ్లు తినండి, మంచిదే. ప్యాకెట్టు మీద ఆ మాట అచ్చువేసినందుకు వంద రూపాయలు ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

అలాగని మన మొక్కలన్నీ ఉత్తవే అనడం లేదు. పట్నపు చదువు చదివిన కొందరు పసరు వైద్యం అనగానే నవ్వుతారు, మాకు ఆ నవ్వు నచ్చదు. ఈరోజు షుగర్‌కు అందరికంటే ముందు రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా ఒక మొక్క జాడ పట్టుకుని వచ్చిందే. యూరప్‌లో గలేగా అనే మొక్కను పాతకాలం నుంచి వాడేవారు. దానిలో చక్కెర తగ్గించే పదార్థం ఉంది, విషమూ ఉంది. మేసిన గొర్రెలు చచ్చిపోయేవి. విషం తగ్గించి, మోతాదు కట్టి, మనుషుల్లో పరీక్షించాక 1957లో ఫ్రాన్స్‌లో అది మందుగా వచ్చింది.

మన కొండల్లో దొరికే వేగిస సంగతి చూద్దాం. వేగిస కర్ర గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున్నే తాగడం చాలా ఇళ్లలో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఈ చెట్టు మీద పరిశోధన చేయించింది. 1998లో అచ్చైన ఫలితాల ప్రకారం, కొత్తగా షుగర్ బయటపడ్డ 97 మందికి ఇస్తే 12 వారాల్లో 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చింది. ఇది ఆశ పుట్టించే సంగతే. కానీ పక్కన వేరే మందు వాడే జట్టును పెట్టి పోల్చిన పరీక్ష కాదది. అందులో ఉన్నది కొత్త రోగులు, పైగా డాక్టర్ల కనుసన్నల్లో. పదేళ్ల షుగర్ ఉండి ఇన్సులిన్ మీద ఉన్న మనిషి దాన్ని తన లెక్కలో వేసుకోకూడదు. పొడపత్రి కథా అంతే. ఆకు నమిలాక నాలుక మీద పంచదార వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, ఇది ఎవరైనా ఇంట్లో చూడొచ్చు. నాలుక మీద తీపి చావడం వేరు, రక్తంలో తీపి తగ్గడం వేరు. 1990లో మద్రాసులో 22 మంది రోగులకు మాత్రలతో పాటు పొడపత్రి సారం ఇచ్చి మంచి ఫలితం చూశారు. 22 మందితో ఒక ఊరికి వైద్యం రాయలేం. ఇన్నేళ్లలో దాన్ని రెండువేల మంది మీద పరీక్షించి తేల్చాల్సిన పని ప్రభుత్వానిది. మొక్క మీద పేటెంటు దొరకదు కాబట్టి ఆ ఖర్చు కంపెనీ పెట్టదు. పొడి చేసి అమ్ముకోవడం దానికి సులువు.

ఇక ప్యాకెట్టులోకి వద్దాం. 2008లో సింగపూర్‌లో సుమారు 150 మంది చక్కెర ఒక్కసారిగా పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు, నలుగురు చనిపోయారు. వాళ్లు వాడింది దొంగచాటుగా అమ్మిన లైంగిక మాత్రలు, మూలికల మందులు. వాటిలో గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లీషు షుగర్ మందు కలిసి ఉంది. ‘పొడి వాడగానే వారంలో షుగర్ సగానికి దిగింది’ అని ఎవరైనా చెబితే సంతోషపడే ముందు ఇది గుర్తు చేసుకోవాలి. పొడపత్రితో పాటు గ్లిమెపిరైడ్ మాత్రో, ఇన్సులినో వాడుతూ, పరగడుపున కాకర రసం కూడా తాగి, అన్నం తినకుండా ఉడుపులకో కోతకో దిగిన మనిషికి ఎండలో చెమటలు పట్టి, వణికి, మాట తడబడితే అది వడదెబ్బే అనుకుంటారు. చక్కెర పడిపోయి ఉండొచ్చు. స్పృహ ఉంటే వెంటనే బెల్లం నీళ్లో పంచదారో ఇవ్వాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. పొలానికి వెళ్లే షుగర్ మనిషి కొంగున బెల్లం ముక్క కట్టుకెళ్లడం అందరికీ అలవాటు కావాలి.

ఉద్దానం ఉన్న జిల్లాలో కిడ్నీ మాట ఎత్తకుండా మూలికల గురించి రాయలేం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగర్ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. అలాంటి నేల మీద షుగర్ కూడా తోడైతే కిడ్నీకి రెండువైపులా దెబ్బ. బెల్జియంలో 1990ల మొదట్లో ఒళ్లు తగ్గడానికి మూలికల మందు వాడిన వందమంది దాకా ఆడవాళ్లకు కిడ్నీలు పోయాయి. ఒక మూలిక బదులు అరిస్టోలోకియా జాతి మూలిక కలవడమే దానికి కారణం. మన ఈశ్వరి, గాడిదగడపాకు ఆ జాతివే. పొడి చేశాక ఏ ఆకు ఏదో చూసి చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? అందుకే ఉద్దానంలో పేరు తెలియని పొడి ఏదీ నోట్లో వేసుకోవద్దని మేము గట్టిగా చెబుతున్నాం. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు కూడా క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, కిడ్నీ పని బాగా తగ్గితే ఆ మాత్ర మోతాదు తగ్గించాలి లేదా మానిపించాలి. అది డాక్టరు చెప్పాల్సిన సంగతి, సంతలో దుకాణదారు చెప్పేది కాదు.

రైతుకు కిడ్నీ కంటే ముందు పోయేది కాలు. షుగర్ ముదిరితే అరికాలికి స్పర్శ పోతుంది. చెప్పుల్లేకుండా బురదలో ఉడుపులు ఊడ్చే మనిషికి నత్తగుల్ల కోసినా, జీడితోటలో ముల్లు దిగినా తెలియదు. సాయంత్రం కాలు కడుక్కునేటప్పుడు నెత్తురు చూసి కదా తెలిసేది! దాని మీద పసుపో ఆకుపసరో కట్టి పది రోజులు చూస్తారు. ఆ పదిరోజుల్లోనే చీము ఎముక దాకా దిగుతుంది. కాలు తీసేశాక ఆ ఇంటి సాగు ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. రోజూ రాత్రి దీపం దగ్గర అరికాళ్లు చూసుకోవడం, చూపు ఆనకపోతే ఇంట్లో పిల్లల చేత చూపించుకోవడం, పుండు కనబడితే ఆ రోజే ఆసుపత్రికి పోవడం, వీటికి పైసా ఖర్చు లేదు. ఏ పొడీ ఈ పని చేయదు.

తిండి విషయంలో మాత్రం మన పాత పంటల పక్షమే మాది. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం శ్రీచైతన్య, వేగవతి లాంటి చోడి రకాలు ఇచ్చింది. ఎర్ర చోడి గింజ పైపొరలో పాలిఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు మెండుగా ఉంటాయి, తెల్ల చోడిలో అవి బాగా తక్కువ. పీచూ, సున్నమూ బియ్యం కంటే ఎక్కువ. కానీ మెత్తగా ఆడించి పల్చటి జావ కాచి పెద్ద చెంబెడు తాగితే చక్కెర గబగబా పెరుగుతుంది. చోడంబలి తాగి, ఆపైన పళ్లెం నిండా అన్నం కూడా తింటే లాభం ఏముంటుంది? అన్నం తగ్గించి ఆ చోటులో చోడి, సామ, ఆకుకూర, పప్పు పెట్టాలి. చోళ్లకు 2025-26లో కేంద్రం క్వింటాకు 4,886 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది, సాధారణ ధాన్యానికి 2,369. కాగితం మీద ఇది మంచి ధరే. కోత రోజుల్లో కొండ దిగువన కాంటా పెట్టి ఆ ధరకు కొనేవాడు ఉన్నప్పుడే రైతు చోళ్లు వేస్తాడు, అప్పుడే రేషన్ షాపులో, మధ్యాహ్న భోజనంలో చోళ్లు వస్తాయి. షుగర్‌కు ప్రభుత్వం చేయగల పెద్ద వైద్యం ఇదేనని మా అభిప్రాయం.

ఆకు ఏరే సవర, జాతాపు కుటుంబాల మాట చెప్పాలి. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద హక్కు వాళ్లదేనని 2006 అటవీ హక్కుల చట్టం అంటోంది. మొక్కల వనరుల్ని వ్యాపారానికి వాడుకునేవాళ్లు స్థానికులకు వాటా ఇవ్వాలని 2002 జీవవైవిధ్య చట్టం చెప్పింది. ఆ వాటా మన దేశపు కంపెనీలకూ వర్తిస్తుందని 2018 డిసెంబరులో దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అయిదేళ్లు తిరక్కుండానే 2023లో చట్టాన్ని సవరించి, గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానం వాడేవాళ్లకు మినహాయింపు ఇచ్చేశారు. ఆయుర్వేదం పేరు చెబితే చాలు, ఆకు ఏరినవాడికి వాటా అక్కర్లేదన్నమాట. ఈ సవరణను వెనక్కి తీసుకోవాలి. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ఔషధ ఆకులను, గింజలను సరైన తూకంతో, ముందే ప్రకటించిన ధరకు కొనాలి. వేరు తవ్వి, చెట్టు బెరడు ఒలిచి చంపకుండా ఏరే పద్ధతి నేర్పి, ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షించాకే అమ్మాలి.

మూలిక మీద నమ్మకం ఉన్నవాళ్లు ప్రభుత్వ ఆయుర్వేద డాక్టరు దగ్గరికే వెళ్లండి, ఇంగ్లీషు డాక్టరుకు కూడా ఏం వాడుతున్నారో చెప్పండి. మాత్ర మాత్రం ఎవరి మాట మీదా మీ అంతట మీరు ఆపొద్దు. మాత్రలు నెల మధ్యలో అయిపోయాయని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వట్టి చేతులతో పంపితే మండల సంఘానికి చెప్పండి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు మండల కేంద్రంలోనే ఉచితంగా చేయాలని కలెక్టర్లకు వినతిపత్రం ఇస్తున్నాం.

మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆయుర్వేద మందు మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమున్నాయో ఉండి తీరాలి. మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్టు మీద అవి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పారేయకండి. ప్యాకెట్టుతో సహా, ఏ సంతలో ఎప్పుడు కొన్నారో చీటీ రాసి మండల సంఘానికి ఇవ్వండి. అన్నీ పోగు చేసి ఒకే ఫిర్యాదుగా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు అందజేస్తాం.