కీచుమన్నా మంచిదే!

టీవీ చూడ్డానికి తయారుచేసిన చిన్న యూఎస్‌బీ డాంగిల్. లోపల రియల్‌టెక్ చిప్. దాన్ని కంప్యూటర్‌కి తగిలించి రేడియో రిసీవర్‌గా వాడొచ్చని 2012లో రేడియో పిచ్చోళ్లు కనిపెట్టారు. అంతే, ఖరీదైన స్కానర్ పని చవగ్గా అయిపోయింది.

దాంతో వినేవి రహస్యాలేం కావు. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పైలట్లు, కంట్రోల్ టవర్ మాట్లాడుకునే మాటలు: ఎంత ఎత్తు, గాలి ఎటు, ఏ రన్‌వే. రోజూ జరిగే పనే. కానీ వింటుంటే ఓ ప్రశ్న వస్తుంది. మన పాటలు ఎఫ్ఎంలో వస్తుంటే, విమానాలు ఇంకా ఏఎంలోనే ఎందుకున్నాయి?

ఓ కారణం ఇది. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే గట్టి సిగ్నలే వినిపిస్తుంది, రెండోది మాయం. ఏఎంలో రెండూ కలిసి కీచుమంటాయి. చెవికి చిరాకే, కానీ ఇంకో విమానం పిలుస్తోందని కంట్రోలర్‌కి తెలుస్తుంది. ఆ బలహీనమైన గొంతు వెనక రెండొందల మంది ప్రయాణికులు ఉండొచ్చు.

ఈ హాబీలో నాకు నచ్చేది ఇదే. రోజూ తలమీంచి పోయే విమానం వెనక ఇంత జాగ్రత్త ఉందని చెవులతో తెలుసుకోవడం.

ఒక్కమాట. అమెరికాలో ఇవి వినొచ్చు, బ్రిటన్‌లో అనుమతి లేకుండా వింటే నేరం. మీరు డాంగిల్ కొనేముందు మన వైర్‌లెస్ నిబంధనలు చూసుకోండి.