రిపోర్టు వచ్చేలోగా కూర అయిపోతోంది

తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్ యార్డులో దిగిన బెండకాయ పొద్దెక్కేసరికి మోండా మార్కెట్ గంపల్లోకి, మధ్యాహ్నానికి మన కంచాల్లోకి వచ్చేస్తుంది. అదే గంపలోంచి అధికారులు శాంపిల్ తీసి పురుగుమందుల అవశేషాల పరీక్షకు ల్యాబుకు పంపితే, రిపోర్టు ఇవ్వడానికి 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పెట్టిన గడువు 14 రోజులు. తినేశాక తెలిస్తే తిన్నవాడికి ఒరిగేదేమిటి?

ల్యాబు పనితనంలో లోటు లేదు. కాయల్ని కడగకుండానే తరిగి, మెత్తగా రుబ్బి, అందులోంచి పదో పదిహేనో గ్రాములు గొట్టంలో వేస్తారు. అసిటోనైట్రైల్ అనే ద్రావకం, లవణాలు కలిపి గట్టిగా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మందు ఆ ద్రావకంలోకి దిగి పైకి తేలుతుంది. దాన్ని శుద్ధిచేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఎక్కిస్తే పదుల కొద్దీ మందుల్ని ఒక్క విడతలోనే వెతికి పెడుతుంది. విడిగా హద్దు నిర్ణయించని మందుకు మన దేశంలో పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాములు. అంటే లక్ష కిలోల బెండకాయల్లో ఒక్క గ్రాము! అంత కొంచెమున్నా ఈ యంత్రాలు పట్టేస్తాయి.

ఇక తోటలోకి వెళ్దాం. కాపు మొదలయ్యాక బెండను రోజు విడిచి రోజు కోయాల్సిందే. నాలుగు రోజులు వదిలేస్తే ముదిరిపోతుంది, ముదురు కాయను ఎవరూ కొనరు. పచ్చదోమకో, కాయతొలుచు పురుగుకో మందు కొడితే డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి కోయాలి. ఆగితే ఆ కోత పోయినట్టే. కౌలు కట్టి, అప్పు తెచ్చి వేసిన రైతు ఎలా ఆగుతాడు? ఏ మందు కొట్టాలో చెప్పేది కూడా చాలాచోట్ల ఆ మందు అమ్మే దుకాణదారే. రైతును దోషిగా నిలబెట్టే మాటలు అందుకే నాకు మింగుడుపడవు. చింతపండు నీళ్లలో నానబెట్టమనే సలహా కూడా అంతంతమాత్రమే. పైపైన ఉన్నది కొంత పోతుంది, కాయలోకి ఇంకిన మందు పోదు.

తినకముందే పరీక్షించడం మనకు చేతకానిదేమీ కాదు. 2003లో యూరప్ వెళ్లిన మన ద్రాక్షలో అవశేషాలు బయటపడ్డాయి. ఆ దెబ్బతో తోటల్ని నమోదు చేసి, ల్యాబులో నెగ్గిన సరుకునే ఎగుమతి చేసే ఏర్పాటు వచ్చింది. పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం దానికి అండగా నిలిచింది. యూరప్‌వాళ్లు తినేదానికి ముందే పరీక్ష, మనం తినేదానికి తిన్నాకనా? ఇది అన్యాయం.

నిజానికి బెండ కాపు వారాల తరబడి సాగుతుంది. ఈ రోజు పరీక్షించిన కాయ మన చేయి దాటిపోయినా, అదే చేను నుంచి వచ్చే తర్వాతి కోతల్ని కాపాడుకోవచ్చు. రిపోర్టు రెండు మూడు రోజుల్లో చేనుకు చేరితే చాలు. కమీషన్ ఏజెంటు ఇచ్చే తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) మీద రైతు పేరు ఉంటుంది కాబట్టి చేను ఆచూకీ కష్టమేమీ కాదు. ఆహార భద్రత చట్టం రైతును ఎలాగూ తన పరిధిలోంచి మినహాయించింది కనుక ఇక్కడ కేసుల ప్రసక్తి లేదు, సలహాదే పని. పురుగుమందు లేకుండా పండించే దారులను తార్నాకలోని సుస్థిర వ్యవసాయ కేంద్రం ఎన్నో ఏళ్లుగా చూపిస్తోంది. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల రైతులు ఊరంతా కలిసి మందులు మానేసి చూపించారు.

శాంపిళ్లు బోయిన్‌పల్లి యార్డులోనే, రోజూ, ప్రభుత్వ ఖర్చుతో తీయాలి. రిపోర్టు ఒక ప్రతి రైతుకు, ఒకటి ఆ ఊరి వ్యవసాయ విస్తరణాధికారికి వెళ్లాలి. ఏ కూరగాయలో ఏ మందు ఎంత దొరికిందో, రైతు పేరు తీసేసి, యార్డు గేటు దగ్గర బోర్డు మీద రాయాలి.