బుల్లి ఇంజిన్‌కు కరెంటు అందడం లేదా?

కిరండూల్‌ నుంచి ఇనుప ఖనిజాన్ని అరకు మీదుగా విశాఖకు లాక్కొచ్చే ఇంజిన్‌ నెత్తిమీది పాంటోగ్రాఫ్‌తో 25,000 వోల్టుల తీగను తాకుతుంది. పని ముగించుకున్న కరెంటు చక్రాల మీదుగా పట్టాల్లోకి దిగిపోతుంది. బల్లమీద తిరిగే హెచ్‌వో సైజు బొమ్మ రైలుకు పైన తీగ ఉండదు. ఒక పట్టా నుంచి తీసుకుని రెండోదానికి ఇచ్చేయాలి. అందులో ఉండేదీ 12 వోల్టులే. చిన్న మురికి పొర అడ్డొచ్చినా బండి బందే! సముద్రపు గాలి తగిలే విశాఖలో ఆ బాధ మరీ ఎక్కువ.

ఆగిన ప్రతిసారీ మోటారును విప్పేస్తుంటారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. ఎన్ని చక్రాలు కరెంటు అందుకుంటున్నాయో ముందు చూడాలి. పట్టు కోసం కొన్ని చక్రాలకు రబ్బరు టైర్లు తొడుగుతారు. అవి బండిని లాగుతాయి కానీ కరెంటును రానివ్వవు. ఇక పాయింట్ల దగ్గర ప్లాస్టిక్‌ ముక్క మీదికి వచ్చిందంటే సరేసరి.

విరుగుడు ఉంది. ఖాళీగా తిరిగే చక్రాల వెనక సన్నటి ఫాస్ఫర్‌ బ్రాంజ్‌ తీగ ఆనేలా అమర్చి, వైరు కలపాలి. ఎడమ చక్రాలది ఎడమవైపు వైరుకే. తారుమారైతే షార్టే! తీగ ముట్టుకోవాలంతే, నొక్కకూడదు. నొక్కితే అదే బ్రేకవుతుంది. ఇంజిన్‌లో చోటు లేకపోతే వెనక పెట్టె చక్రాల నుంచి మెత్తటి వైరుతో తెచ్చుకోవచ్చు.

పట్టాలను ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. ఉప్పుకాగితం వద్దు, గీతల్లో మురికి ఇంకా చేరుతుంది. ఇత్తడి పట్టాలు త్వరగా నల్లబడతాయి. కొనేటప్పుడే నికెల్‌ సిల్వర్‌వి అడగండి (వెండి పేరులోనే.. ఉండేది రాగి, నికెల్‌, జింకు). చక్రాలనూ తుడవాలి సుమా! లేకుంటే ఒక్క చుట్టులో ఆ మురికంతా మళ్లీ పట్టాలకే పూస్తాయి.