బాత్రూం చూపించాకే ఫీజు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటున్న అక్కలారా, చెల్లెళ్లారా!

పోయిన వారం మా రూమ్మేట్ చలిజ్వరంతో, నడుంనొప్పితో ఆస్పత్రి పాలైంది. యూరిన్ ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందన్నారు. ఆమె బ్యాగు సర్దుతుంటే పొద్దున నింపిన నీళ్ల సీసా నింపినట్టే ఉంది. పక్కనే, ఇన్ఫెక్షన్ రాకుండా అని కొనుక్కుని సగం వాడిన క్రాన్‌బెర్రీ పొడి డబ్బా.

సీసా ఎందుకు నిండుగా ఉందో మీకు చెప్పాలా? మేం వెళ్లే కోచింగ్ సెంటర్లో ఆడపిల్లలకు ఒక్కటే బాత్రూం, మూడో అంతస్తులో. తాళంచెవి ఆఫీసు టేబుల్ మీద. అందరి ముందూ అడిగి తీసుకోవాలి. లోపలికెళ్తే గొళ్లెం పడదు, బయట ఒకరు తలుపు పట్టుకోవాలి. మగ్గుంటే నీళ్లుండవు, నీళ్లుంటే మగ్గుండదు. అందుకే ఎనిమిదింటి క్లాసుకు ఏడింటి నుంచే గొంతు తడపం. స్టడీ హాళ్లూ అంతే. ఏసీ, వైఫై అని బోర్డు పెడతారు. బాత్రూం మాట ఏ బోర్డు మీదా ఉండదు.

క్రాన్‌బెర్రీ మోసమని మేమనం. 2023లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 50 అధ్యయనాలను కలిపి చూసింది. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లకు ముప్పు పావు వంతు తగ్గుతుందని తేల్చింది. అది రాకుండా కాచేదే, వచ్చినదాన్ని తగ్గించేది కాదు. మరి నీళ్లు? తక్కువ నీళ్లు తాగే 140 మంది ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. రోజూ లీటరున్నర అదనంగా తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు, తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. అమెరికా చిత్తడినేలల్లో పండే పండు మన మెడికల్ షాపు దాకా వచ్చింది. మూడో అంతస్తుకు ఒక గొళ్లెం రాలేదు!

2022లో, 2023లో, మళ్లీ 2024లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాం. రద్దయిన ప్రతిసారీ కొత్త బ్యాచ్, కొత్త ఫీజు. ఇంత కట్టి బాత్రూం బాగుచేయమంటే మాత్రం అద్దె బిల్డింగు, ఓనరు ఒప్పుకోడంటారు. ఏసీలు బిగించడానికి గోడలకు రంధ్రాలు కొట్టనిచ్చింది ఆ ఓనరే కదా?

ఇక అడుక్కోవడం వద్దు. ఫీజు కట్టే ముందు బాత్రూం చూపించమనండి. గొళ్లెం, నీళ్లు, మూత ఉన్న చెత్తడబ్బా ఉంటేనే డబ్బు తీయండి. తాళం వేసుంటే వెనక్కి రండి. మూత్రంలో మంట మొదలైతే క్రాన్‌బెర్రీ పొడి కలుపుకుని కూర్చోకండి. జ్వరం రాకముందే డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి.

ఆదివారం సాయంత్రం ఐదింటికి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు దగ్గర కలుద్దాం. నీళ్లు తాగి రండి.